జీతము లేని తోటపని

చెన్నూరు అగస్త్యేశ్వరాలయములో తరతరములుగా ఆరక వెలుగుచున్న దీపము ఒకటి కలదు. ఆ ఊరివారికి దానిని గూర్చి మేము చెప్పవలసిన పని లేదు. గోదావరి అక్కడ ఉత్తరముఖముగా పారుట చేత ఆ క్షేత్రమునకు ప్రసిద్ధి కలిగినది. కాని ఆ దీపము తలపునకు వచ్చినప్పుడెల్ల మాకు వేరొక ఆలోచన కలుగును. దీపమును వెలిగించుట క్షణకాలపు పని. దానిని ఆరనీయకుండుటకు మాత్రము ప్రతిదినము ఎవరో ఒకరు చమురు పోయవలెను, వత్తిని ఎగద్రోయవలెను. వెలిగించినవారు పోయిన తరువాత పుట్టినవారును ఆ పని చేయవలెను. అందరిదియైన వస్తువును నిలుపుటలోని కష్టమంతయు ఇందులోనే ఉన్నది.

గుడి విషయములో మనకిది అలవాటైన మార్గమే. భక్తి ఉన్నది, పుణ్యమన్న నమ్మకమున్నది. మరి ఊరివారందరు వచ్చి చల్లగా కూర్చుండు తోట మాటయేమి? నూరేండ్లనాటి పాత భవనము మాటయేమి? వానిని కాపాడువారెవరు? సర్కారు కాపాడవలెనని ఒకరందురు, ధనవంతులు కాపాడవలెనని మరియొకరందురు. ఈ రెండు మార్గములే గాక మూడవది కూడ కలదు. పనిలో ఇష్టము గలవారు కొందరు కూడి, జీతము పుచ్చుకొనక, ఒక తోటను, దాని నడుమనున్న పాత ఇంటిని 140 సంవత్సరములకు పైగా నిలుపుకొని వచ్చుచున్న ఉదాహరణము మన దేశములోనే ఉన్నది. ఆ తోట మద్రాసు నగరములో, నేటి పేరున చెన్నైలో, అడయారు నది ఒడ్డున ఉన్నది. దానిని దర్శించి వచ్చిన పిదప మాకు తోచిన సంగతులను శ్రోతలకు మనవి చేయుదుము.

చెన్నూరు నుండి మంచిర్యాల చేరినచో ఢిల్లీ నుండి మద్రాసు పోవు పెద్ద రైలు మార్గము తగులును. ఆ మార్గమున దక్షిణముగా పోయి, చెన్నైలో దిగి, నగరపు సందడిని దాటి అడయారు వంతెన మీదుగా నది దక్షిణపు గట్టునకు చేరితిమి. నది సముద్రములో కలియు చోటు అక్కడికి దూరము కాదు. వంతెన మీద బస్సులు, కార్లు నిలువుటకు వీలులేకుండ పోవుచుండగా, దానిని దాటిన వెంటనే ఒక ద్వారము. ద్వారము లోపల సుమారు 260 ఎకరముల వనము. వంద అడుగులు నడచునప్పటికే వాహనముల మ్రోత తగ్గి ఆకుల గలగల వినిపించినది. ఇది దివ్యజ్ఞాన సమాజము వారి ప్రధాన స్థానము.

ఈ తోట మొదట సమాజము వారిది కాదు. తూర్పు ఇండియా కంపెనీ కొలువులో ఉండిన హడిల్‌స్టన్ అను దొర పేరు మీద దీనిని హడిల్‌స్టన్ తోట అని పిలిచెడివారు. అమెరికాలో 1875లో దివ్యజ్ఞాన సమాజమును స్థాపించిన వారిలో ముఖ్యులైన బ్లావట్‌స్కీ, కర్నల్ ఆల్కాట్ అను వారు 1879లో బొంబాయికి వచ్చి, స్థిరమైన నివాసము కొరకు వెదకుచు 1882లో ఈ తోటను చూచిరి. అప్పుడిది 27 ఎకరములు. పెద్ద భవనము, నది ఒడ్డున రెండు చిన్న బంగళాలు, గుర్రపుసాలలు, చెట్లు, అన్నియు కలిపి అతి చౌకగా అమ్మకమునకు వచ్చినవి. ఆ చౌకకు ఒక కారణము కలదు. నీలగిరుల పాదము వరకు రైలు పడిన పిమ్మట మద్రాసులోని పెద్ద అధికారులు వేసవి రాగానే ఉదకమండలమునకు తరలిపోవుట మొదలిడిరి. నగరములోని పెద్ద తోట బంగళాలను కొనువారు లేకపోయిరి. కొండకు రైలు పడుట వలన సముద్రతీరపు ఇంటి వెల పడిపోవుట విచిత్రమే గదా!

చౌకయైనను చేతిలో ఆ సొమ్ము లేదు. మద్రాసులోని మిత్రులు కొంత సొమ్ము ముందుగా ఇచ్చి, తక్కిన దానికి సులభమైన షరతుల మీద అప్పు కుదిర్చిరి. ఆ ఏడాది డిసెంబరులో స్థాపకులు కాపురమునకు వచ్చిరి. ఈ విధముగా, నేడు ప్రపంచము నలుమూలల నుండి జనులు వచ్చి చూచు ఈ తోట అప్పుతో మొదలైనది. 1907లో ఆల్కాట్ మరణించిన తరువాత అధ్యక్షురాలైన అనిబిసెంటు చుట్టుపట్ల తోటలను ఒక్కొక్కటిగా చేర్చగా అది నేటి విస్తీర్ణమునకు పెరిగినది.

పాత భవనము లోనికి పోయితిమి. ఎత్తైన కప్పు, విశాలమైన సభామందిరము, చల్లని నేల. సమాజ స్థాపకులిద్దరి విగ్రహములు ఒకచోట. గోడల మీద లోకములోని పెద్ద మతముల చిహ్నములు చెక్కియున్నవి. సత్యమును మించిన ధర్మము లేదన్నది వారి సూత్రము. వెలుపల చెట్ల నడుమ హిందువుల ఆలయము, క్రైస్తవుల ప్రార్థనాలయము, మసీదు, తామరకొలను ప్రక్కన చిన్న బౌద్ధాలయము దేనికది విడివిడిగా ఉన్నవి. 1886లో ఆల్కాట్ స్థాపించిన అడయారు గ్రంథాలయములో వేల కొలది తాళపత్ర ప్రతులు కలవు. తోటను ఆనుకొని, పేదపిల్లల కొరకు, అందునను నాడు అస్పృశ్యులని బడి గడప తొక్కనీయని పిల్లల కొరకు, ఆయనయే 1894లో పెట్టిన ఉచిత పాఠశాల ఆయన పేరుతో సాగుచున్నది. తోట అనగా చెట్లు మాత్రమే కాదని అక్కడ తిరుగువారికి తెలియును.

ఇంత పెద్ద తోటను నడపువారెవరు? శ్రోతలు ముందుగా అడుగు ప్రశ్న ఇదియే. గడ్డి కోయుట, ఆకులూడ్చుట, నీరు పెట్టుట మొదలైన బరువు పనులు చేయువారు జీవనము కొరకు పని చేయువారు. వారికి జీతములు కలవు. అది న్యాయము. అయితే ఆ పనుల వెనుకనుండు పర్యవేక్షణ, లెక్కలు, పత్రికలు, గ్రంథాలయ సేవ, అతిథుల యోగక్షేమము మొదలైన వానిలో సమాజ సభ్యులైన సేవకుల చేయి చాల ఉన్నది. దేశదేశముల నుండి వచ్చినవారు నెలలు, సంవత్సరములు అక్కడ ఉండి, తమకు తెలిసిన పనిని చేసి పోవుదురు. ఒకరు లెక్కలు తెలిసినవారు, ఒకరు పుస్తకముల పని తెలిసినవారు, ఒకరికి మొక్కల సంగతి తెలియును. ఎవరికి తెలిసినది వారు చేయుదురు. ఈ అమరిక మొదటి నుండియు ఉన్నదే.

ఆ అమరికలో మన తెలుగువాని కథ ఒకటి కలదు. మదనపల్లెకు చెందిన జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో కొలువు చేసి 1907లో విరమించిరి. భార్య అంతకు ముందే గతించినది. పింఛను చాలదు, మగపిల్లలు నలుగురు. ఆయన బహుకాలముగా సమాజ సభ్యులు. తోటలో ఉండుటకు చోటిచ్చినచో జీతము లేకయే పూర్తికాలము పని చేయుదునని అనిబిసెంటుకు వ్రాసిరి. దగ్గరలో పిల్లలకు బడి లేదని, పిల్లల అల్లరి వలన తోట ప్రశాంతతకు భంగము కలుగునని ఆమె మొదట ఒప్పుకొనలేదు. ఆయన మరల మరల వ్రాయగా చివరకు అంగీకరించినది. 1909 జనవరిలో కుటుంబము అడయారు చేరి, ఆవరణము వెలుపల శిథిలమైన చిన్న ఇంటిలో దిగినది. ఆ ఇంటిలో కనీస వసతులు కూడ లేవు. తోట ప్రశాంతతకు భంగము కలిగింతురని శంకించిన ఆ పిల్లలలోని ఒకనినే ఆ సంవత్సరమే సముద్రపు ఒడ్డున లెడ్‌బీటర్ చూచి, ఇతడు జగద్గురువు కాగలవాడని చెప్పెను. ఆ బాలుడే జిడ్డు కృష్ణమూర్తి.

తరువాతి కథ అంత సుఖమైనది కాదు. పిల్లల పోషణభారమును బిసెంటు వహించినది. కొంతకాలమునకు తండ్రికి అది సమ్మతము కాలేదు. 1912లో ఆయన దావా వేసిరి. మద్రాసు హైకోర్టులో తండ్రికి అనుకూలముగాను, 1914లో లండనులోని ప్రివీ కౌన్సిలులో బిసెంటుకు అనుకూలముగాను తీర్పులు వచ్చినవి. జీతము లేకుండ సేవ చేయుదునని వచ్చిన మనుష్యుడు తన బిడ్డల కొరకు న్యాయస్థానము మెట్లెక్కవలసి వచ్చినది. స్వచ్ఛంద సేవ పేరు ఎంత పవిత్రమైనదైనను, దానిలో పెద్దయెవరు, పిన్నయెవరు, ఎవరి మాట చెల్లును అన్న ప్రశ్నలు కూడ ఉండును. వానికి సమాధానము ముందుగా ఏర్పరచుకొనని చోట మనసులు విరుగును.

కృష్ణమూర్తియు తన కొరకు కట్టిన సంఘమును 1929లో హాలండులో తానే రద్దు చేసి సమాజమునకు దూరమయ్యెను. అయినను తోట మూతపడలేదు. 1933లో బిసెంటు అక్కడనే కన్నుమూసినది. తోట అప్పుడును మూతపడలేదు. 1980లో, ఇంచుమించు అర్ధశతాబ్దము గడచిన పిదప, నాటి అధ్యక్షురాలు రాధా బర్నియరు ఆహ్వానము మీద కృష్ణమూర్తి మరల ఆ తోటలో అడుగుపెట్టెను. వేరుపడి పోయిన వానికి కూడ తిరిగి వచ్చి నడచుటకు దారి తెరచియుండుట ఉమ్మడి చోటుకు ఉండవలసిన గుణమే.

ఇక అడయారు మర్రిచెట్టు మాట చెప్పవలెను. చూడవచ్చిన వారిలో పెక్కుమంది దాని కొరకే వచ్చుదురు. దాని వయసు సుమారు 450 సంవత్సరములని చెప్పుదురు. దాని నీడలో ఎన్నో సభలు జరిగినవి. ఈ తోటలోనే, చెట్ల నీడన, 1936లో రుక్మిణీదేవి కళాక్షేత్రమును ప్రారంభించినది. మేము చూచునప్పుడు మా కన్నులు మొదట పెద్ద మానును వెదకినవి. మాను లేదు. 1989లో వీచిన గాలివానకు మూలపు కాండము కూలిపోయినది. దానిని నిలుపుటకు చేసిన ప్రయత్నములు ఫలింపలేదు. అయినను చెట్టు చావలేదు. కొమ్మల నుండి దిగి నేలలో నాటుకొనిన ఊడలు అప్పటికే స్తంభముల వలె బలిసియుండెను. మూలము పోయిన చోటు ఖాళీగా ఉన్నది. చుట్టును ఊడలు పందిరిని మోయుచున్నవి. 2016 డిసెంబరులో వర్ధా తుపాను చెన్నై నగరమును ఊపివేసినప్పుడు ఈ తోటలో ఎన్నో చెట్లు నేలకొరిగినవి. పడినవానిని తొలగించి క్రొత్త మొక్కలు నాటుట ఇట్టి చోట ఎప్పటికిని ముగియని పని.

ఇట్టి ప్రయత్నములు ఇతర దేశములలోను ఉన్నవి. ఇంగ్లండులో 1895లో ముగ్గురు మిత్రులు పూనుకొని నేషనల్ ట్రస్టు అను సంస్థను స్థాపించిరి. మరుసటి ఏట వారు మొట్టమొదట కొనిన పాత ఇంటి వెల 10 పౌనులు మాత్రమే. అది పల్లెటూరి మతగురువులు నివసించిన పూర్వకాలపు ఇల్లు, కూలుటకు సిద్ధముగా ఉండినది. నేడు ఆ సంస్థ చేతిలో వందల కొలది భవనములు, తోటలు కలవు. వానిలో వేలాది సామాన్యులు సెలవు దినములలో వచ్చి గులాబి పొదలు కత్తిరించుట, చూడవచ్చిన వారికి ఇంటి చరిత్ర చెప్పుట మొదలైన పనులు ఊరకయే చేయుచున్నారు.

ఈ మాటలు విని కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పెద్దలు ఒక ప్రశ్న వేయవచ్చును. “జీతము లేని పనియా? దానిని మేమెరుగుదుము. దాని పేరు వెట్టి.” ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. మన వైపు పాత భవనము అనగా గడీ. ఎత్తైన గోడలు, పెద్ద దర్వాజా, లోపల చావడి, బావి. ఆ గడీల ముంగిళ్లు ఊడ్చినవారు, నీళ్లు చల్లినవారు, కుండలు చేసి ఇచ్చినవారు, బట్టలు ఉదికినవారు, కట్టెలు కొట్టినవారు జీతము ఎరుగరు. పిలిచినప్పుడు పోవలెను, కాదనరాదు. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటమునకు ఈ వెట్టి ఒక ప్రధాన కారణము. అట్టి నేలలో నిలిచి, “రండు, పాత భవనము ముంగిట ఊరకయే పని చేయుదము” అనినచో విన్నవాని ఒడలు జలదరించుట సహజమే.

అందుచేత వెట్టికిని సేవకును గల భేదమును స్పష్టముగా చెప్పుకొనవలెను. రెండింటిలోను జీతము లేదు. వెట్టిలో రానని చెప్పు స్వేచ్ఛ లేదు. సేవలో అది ఉన్నది. వెట్టిలో ఊడ్చిన ముంగిటిలో ఊడ్చినవాడు కూర్చుండరాదు. సేవలో తాను నీరు పోసిన చెట్టు నీడన తన పిల్లలు ఆడుకొందురు. వెట్టిలో లెక్క అడుగరాదు. సేవలో లెక్క అడుగుటకు అందరికిని హక్కు కలదు. రానని చెప్పు స్వేచ్ఛ, కూర్చుండు హక్కు, లెక్క అడుగు హక్కు, ఈ మూడును లేని చోట సేవ అను పేరుతో మరల వెట్టియే తలయెత్తును.

పూర్వపు గడీలలో కొన్ని బడులైనవి, కొన్ని కార్యాలయములైనవి, కొన్ని కూలిపోయినవి. నిలుపుకొనిన ఉదాహరణములును కలవు. పూర్వపు నిజామాబాదు జిల్లాలోని, నేటి కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటను ఆ వంశము వారే పూనుకొని బాగుచేయించగా, 2022లో యునెస్కో వారి ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారములలో దానికి స్థానము లభించినది. అది ఒక కుటుంబము పూనికతో జరిగిన పని. ఊరే పూనుకొని చేయు పని ఇంకను మన వైపు విరివిగా జరుగవలసియున్నది. నాడు వెట్టి చేసినవారి మనుమలు, మునిమనుమలు తమ ఇష్టముతో అదే ముంగిట మల్లెతీగ పెట్టి, సాయంకాలము అక్కడనే కూర్చుండి ముచ్చటలాడుకొనిన నాడు, ఆ గోడల చరిత్రయు మారును. చరిత్రను దాచవలసిన పని లేదు. ఇక్కడ వెట్టి జరిగినదని ద్వారము ప్రక్కన ఒక ఫలకము పెట్టి, ఆ తరువాతనే తోట పెంచవచ్చును.

గడీ లేని ఊరు ఉండవచ్చును గాని మొక్కలు నాటని ఊరు నేడు లేదు. 2015లో తెలంగాణలో హరితహారము మొదలైనది. ఆ పిమ్మట ఊరూర పల్లె ప్రకృతివనములు వెలసినవి. స్థలము సర్కారుది, మొక్క సర్కారుది, మొదటి నీరు కూడ సర్కారుదే. మూడవ వేసవి నీరు ఎవరిది? చైత్రవైశాఖములలో బొగ్గుగనుల సీమ ఎండ ఎట్లుండునో చెన్నూరు వారికి వేరుగ చెప్పనేల? ఆ రెండు నెలలు మొక్కను బ్రతికించువాడే దానిని నాటినవాడు.

అడయారులో చూచిన దానిని బట్టి నాలుగు మాటలు మనవి చేయుదుము. మొదటిది: చోటు ఎవరిదో కాగితము మీద స్పష్టముగా ఉండవలెను. పంచాయతిది గాని, సంఘముది గాని, ఒక మనుష్యుని పేరున మాత్రము ఉండరాదు. రెండవది: జీవనము కొరకు పని చేయువానికి కూలి ఇచ్చి తీరవలెను, సేవ పేరుతో పేదవాని కూలి ఎగగొట్టుట పాపము. మూడవది: పని చిన్నదై, దినము నిర్ణయమై ఉండవలెను. ఎప్పుడో ఒకనాడు వందమంది వచ్చి ఫోటోలు తీయించుకొనుట కంటె, ప్రతి ఆదివారము నలుగురు వచ్చి నలుబది చెట్లకు నీరు పోయుట మేలు. నాలుగవది: ముందు నిలిచినవారు తమ తరువాతివారిని తామున్నప్పుడే సిద్ధము చేయవలెను. ఊడ నేల తాకవలసినది మాను పడకముందే గాని పడిన తరువాత కాదు.

చెన్నై పోవు శ్రోతలు ఆ తోటను చూడదలచినచో ప్రవేశపు వేళలను ముందుగా కనుగొని పోవుట మంచిది. అది విహారస్థలము కాదు, అక్కడ నివసించువారున్నారు. అందుచే అన్ని వేళల అందరిని విడువరు. లోపల మెల్లగా మాటలాడవలెను, చెట్లను తాకరాదు, తినుబండారముల కాగితములు పారవేయరాదు. ప్రయాణము వీలుకాని వారికి వేరొక దారి కలదు. తమ ఊరిలో నీరందక వాడుచున్న మొక్క ఏదియో చూచి, రేపటి ఉదయము ఒక బిందెడు నీరు తీసికొనిపోవుట.